సువార్తమ్మ సౌదీ మిక్సీ

దమ్మామ్‌లో ఒకరింట్లో ఎనిమిదేళ్ళు వంట చేసి, 1998 వేసవిలో సువార్తమ్మ బందరు పక్క గూడూరు దగ్గరున్న సొంతూరికి తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు ఆ ఇంటావిడ ఆమెకో ఎర్రటి మిక్సీ బహుమతిగా ఇచ్చింది. విమానంలో దాన్ని పైన అరలో పెట్టనివ్వక, దారంతా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది సువార్తమ్మ.

మర్నాడు పొద్దున్నే పక్కింటి పున్నమ్మనూ పాస్టరుగారినీ పిలిచింది. భర్త ఇస్సాకు సౌదీ ప్లగ్గు కోసేసి మన ప్లగ్గు బిగించాడు. సువార్తమ్మ పచ్చడికి కొబ్బరిముక్కలు, మిరపకాయలు, ఉప్పు వేసి స్విచ్చి నొక్కింది. మిక్సీ ఒక్క కేక పెట్టి బల్ల మీద నడక మొదలెట్టింది. మూత లేచి దూలానికి తగిలింది. ఇస్సాకు తీగ పట్టుకుని లాగేసేసరికే పచ్చడంతా పాస్టరుగారి మీదుంది.

ఆయన మీసాలు తుడుచుకుని, "ఉప్పు సరిపోయిందమ్మా" అన్నారు మర్యాదగా.

లైన్‌మన్ ఏడుకొండలు వచ్చి మిక్సీని తిరగేసి చూశాడు. "పిన్నిగారూ, ఇది నూటపది వోల్టుల మిషను. మన కరెంటు రెండొందల ముప్పై. వెంటనే ఆపారు కాబట్టి బతికింది. కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఉంటేనే దీన్ని వాడాలి."

ఆ పెట్టె కోసం మొగుడూ పెళ్ళాం బందరంతా తిరిగారు. ఎక్కడా దొరకలేదు. సువార్తమ్మ మిక్సీకి తువ్వాలు కప్పి, రెండ్రోజులు రోట్లోనే పచ్చడి నూరింది.

మూడోరోజు సాయంత్రం ఇంట్లో బల్బు రేగుపండులా ఎర్రబడింది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేలా తిరుగుతోంది. లైను చివరి ఊరు కావడంతో ఎండాకాలం సాయంత్రాలు ఎప్పుడూ అంతే. ఏడుకొండలు వచ్చి మీటరు పెట్టి చూసి తల పట్టుకున్నాడు.

"నూటపదిహేనే వస్తోంది పిన్నిగారూ."

సువార్తమ్మ చివాలున లేచింది. "అయితే ఇప్పుడు మనింటికి దమ్మామ్ కరెంటు వచ్చినట్టేగా!"

అతను వద్దనేలోగా ప్లగ్గు పెట్టేసింది. మిక్సీ బుద్ధిగా తిరిగింది. పచ్చడి వెన్నలా నలిగింది. ఇక రోజూ సాయంత్రం ఏడింటికి వీధి వీధంతా పప్పు గిన్నెలతో ఆవిడ గుమ్మంలోనే. ఊళ్ళో మిగతా మిక్సీలన్నీ ఆ వేళకి మూలుగుతుంటే, సువార్తమ్మది ఒక్కటే హాయిగా పాడేది.

ఇంతలో ఊరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ప్రెసిడెంటు నరసింహారావు అర్జీ పట్టుకొచ్చాడు.

"లో వోల్టేజీ వల్ల నాకేం ఇబ్బంది లేదండీ" అంది సువార్తమ్మ, పెన్ను ముట్టుకోకుండా.

"నాకుందే తల్లీ!" అంది పున్నమ్మ. "ఫ్యాను తిరక్క దోమలు నన్ను పీక్కు తింటున్నాయి." ఆమె చేతుల మీద దద్దుర్లు చూసి సువార్తమ్మ నిట్టూర్చి సంతకం పెట్టింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. బల్బులు భగ్గుమన్నాయి. పున్నమ్మ హాయిగా నిద్రపోయింది. మిక్సీ మళ్ళీ తువ్వాలు కప్పుకుంది.

సువార్తమ్మ దిగులు మొహం చూడలేక ఏడుకొండలు ఒక ఉపాయం చేశాడు. కరెంటు ముందు ఇస్త్రీపెట్టెలోంచి వెళ్ళి, ఆ తర్వాతే మిక్సీకి చేరేలా తీగలు కలిపాడు. సగం కరెంటు ఇస్త్రీపెట్టె మింగేస్తే, మిగిలిన సగంతో మిక్సీ తిరిగింది. చిక్కల్లా ఒక్కటే. ఇస్త్రీపెట్టె బాగా కాలితే తనంతట తను ఆగిపోయేది. దాంతో పాటే మిక్సీ కూడా.

"ఏవండీ, పప్పు సగంలో ఆగింది! తడిగుడ్డ మీద రుద్దండి!" అని అరిచేది సువార్తమ్మ.

ఇస్సాకు తడి దుప్పటి మీద పెట్టెను అటూ ఇటూ తోసేవాడు. అది చల్లారగానే మిక్సీ అందుకునేది. అల్లం వేసిన గారెల పిండికి మూడు చొక్కాలు, ఒక దుప్పటి పట్టేవి. ఇంట్లో బట్టలు చాలక, పిండికొచ్చేవాళ్ళు తడిబట్టలు కూడా తెచ్చుకోవాలని సువార్తమ్మ షరతు పెట్టింది. అందరూ ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో పిండిన పంచె పట్టుకుని వచ్చేవారు.

ఆ ఏడాదంతా ఆదివారం చర్చికి ఆ వీధివాళ్ళు మడత నలగని బట్టలతో వెళ్ళారు. వాటికి కాస్త అల్లం వాసన వచ్చేది. ఎవరూ పట్టించుకోలేదు.