తెర మూలన మా అక్క

దయ్యాల మాట ఎత్తితే నాకు చిరాకు. భయం కాదు, చిరాకు. కుంఠా నాకా దగ్గర మూతపడిన ఒక కార్ఖానాలో మగ్గం దానంతటదే ఆడుతోందని మా పేటంతా వణికిపోతుంటే, పట్టపగలు లోపలికి వెళ్లి, గాలికి కొట్టుకుంటున్న పైకప్పు రేకును అందరికీ చూపించి వచ్చినదాన్ని నేను. పిల్లలకు జ్వరమొస్తే ముందు దిష్టి తీయాలనే మా అత్తతో పెళ్లయిన నాటి నుంచీ వాదిస్తూనే ఉన్నాను. నాది గళ్ల కాగితం బుర్ర. గడి నిండితే నిండినట్టు, ఖాళీగా ఉంటే ఖాళీగా ఉన్నట్టు. రెంటికీ మధ్య ఇంకేదో ఉంటుందంటే ఒప్పుకోను.

ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

నేను ఇంట్లోనే కంప్యూటర్ మీద చద్దర్లకూ టవళ్లకూ డిజైన్లు గీస్తాను. పూవు, నెమలి, కలశం ఏదైనా సగమే గీస్తాం. ఆ సగాన్ని తిరగేస్తే రెండో సగం వస్తుంది. దీన్ని మా పనిలో మిర్రర్ కొట్టడం అంటారు. రోజుకు ఎన్నిసార్లు కొడతానో లెక్కలేదు. అక్షరాలను మాత్రం తిరగేయకూడదు. పనిలో చేరిన కొత్తలో, పెళ్లిలో పంచే టవళ్ల మీద పెళ్లికూతురి పేరు తిరగేసి నేయించేశాను. ఆ పెళ్లివాళ్లు పెట్టిన చీవాట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అప్పటి నుంచీ ఏ బొమ్మ చూసినా నా కన్ను ముందు అక్షరాల మీదికే పోతుంది.

ఈ పని నాకు నేర్పించింది మా అక్క నర్సుబాయి. మా అమ్మ చిన్నప్పుడే పోయింది. అక్క బీడీలు చుట్టి నన్ను కంప్యూటర్ క్లాసుకు పంపింది. తను మాత్రం చాట ఒడిలోంచి దించలేదు. బావ పోయాక, బీడీ పనివాళ్ల కోసం కట్టిన కుంభారి కాలనీలో ఇల్లు వస్తే, కూతురు సునీతతో అక్కడికి వెళ్లిపోయింది. సునీత పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కి యూనిఫారాలు కుట్టే యూనిట్‌కు పోతే, తిరిగి రావడం సాయంత్రమే. పగలంతా అక్క ఒక్కతే. పైగా బీపీ. గోలీ వేసుకున్నావా అని అడిగితే వేసుకున్నా అంటుంది, వేసుకోదు. తనకు ఏ నొప్పి ఉన్నా మాకు చెప్పే అలవాటు అక్కకు లేదు.

అందుకని వాళ్ల ముందుగదిలో గోడకు కెమెరా పెట్టించాం. అది పెట్టించింది నేనే.

అదే రోజుల్లో నా పాత మానిటర్ పాడైంది. కొత్తది కొనడానికి వెళ్తే మా ఆయన ఒకదాని ముందు ఆగిపోయాడు. పని చేస్తున్నంతసేపు అది మామూలు మానిటర్. కాసేపు మౌస్ కదపకపోతే ఇంటి తెర అయిపోతుంది. టైము, ఎండ, మన వాకిలి కెమెరా, అక్క ఇంటి కెమెరా, అన్నీ చూపిస్తుంది. కావాలంటే పని చేసేటప్పుడు కూడా మూలన చిన్న డబ్బాలో ఒక కెమెరా పెట్టుకోవచ్చు.

నాకు నచ్చలేదు. "పని చేసుకునే తెర మీద ఇల్లు ఎందుకు? పని చూడాల్నా, ఇల్లు చూడాల్నా?" అన్నాను.

"నేను నాలుగు మగ్గాలు ఒక్కన్నే చూస్తలేనా? నీకు ఒక్క తెర మీద రెండు కష్టమా?" అన్నాడు ఆయన. పవర్‌లూమ్ మీద పని చేసే మనిషి. చివరికి ఆయన మాటే నెగ్గింది. కొన్నాం.

నిజం చెప్పొద్దూ, వారం తిరక్కుండా అది నాకు తెగ నచ్చేసింది. కుడివైపు కింద మూలన అరచేతి పాటి డబ్బా. అందులో చాప, చాప మీద అక్క, ఒడిలో చాట, వెనక గోడకు మరాఠీ క్యాలెండర్. కెమెరాలోంచి నేను చూస్తున్నానని ఆమెకు ఎప్పుడైనా గుర్తొస్తే, కోడిని అదిలించినట్టు చెయ్యి ఊపేది. పో, పని చూసుకో అని. నేను ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

ఇక్కడ మా పేట సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర మగ్గాల చప్పుడు వినిపిస్తున్నంతసేపు ఎవరూ తల తిప్పరు. చప్పుడు ఆగితేనే, ఏమైందని లేచి చూస్తారు. ఆడుతోందంటే బాగున్నట్టు. నాకూ అదే అలవాటు. మూలన అక్క చేతులు ఆడుతున్నాయంటే అక్క బాగున్నట్టే. ఫోన్లు చేయడం తగ్గించేశాను.

ఆ రోజు బుధవారం. పెళ్లి టవళ్ల డిజైను మధ్యాహ్నం లోపు కార్ఖానాకు పంపాలి. పొద్దున్నే కూర్చున్నాను. అక్క మూలన చుడుతూనే ఉంది. పదిన్నరకో ఎప్పుడో, డెలివరీ తేదీ ఏ వారం పడిందో చూడాల్సి వచ్చి, డబ్బాను కాస్త పెద్దది చేసి అక్క వెనక ఉన్న క్యాలెండర్‌లోనే చూసుకున్నాను. నెల పేరూ వారం పేరూ చదివాను. మళ్లీ చిన్నది చేసి పనిలో పడ్డాను.

పదకొండింటికి మా అత్త చాయ్ తెచ్చింది. నా భుజం మీదుగా తెరలోకి చూస్తూ నిలబడింది.

"మీ అక్క ఏందే, ఎడమ చేత్తోని కోస్తున్నది ఆకు?"

చూశాను. నిజమే. కత్తెర ఎడమ చేతిలో ఉంది. తంబాకు తీయడం, దారం చుట్టడం, అన్నీ ఎడమ చేత్తోనే.

"అది మిర్రర్ అత్తా. కెమెరా సెట్టింగ్ తిరగబడ్డది. కుడిది ఎడమకు కనిపిస్తది."

"గట్లనా," అంది అత్త. కాని కదల్లేదు. "మొఖం గూడ ఎత్తుతలేదు," అంది.

"పని చేసుకుంటుంది అత్తా. నన్ను గూడ చేసుకోనీ."

ఆ మాట అన్నది నేనే. నాలుక కోసుకున్నా వెనక్కి రాదు.

పన్నెండున్నరకు డిజైను పంపేసి అక్కకు ఫోన్ చేశాను. చాప పక్కనే ఫోన్. అది మోగుతున్నట్టు వెలుగు కనిపిస్తోంది. అక్క చూడలేదు. చేతులు ఆగలేదు. మళ్లీ చేశాను. మూడోసారి నాకు కోపం వచ్చింది. కెమెరాలోంచి మాట్లాడే బటన్ నొక్కి, "అక్కా! ఓ అక్కా! ఫోన్ ఎత్తవేందే!" అని అరిచాను. ఆమె తల ఎత్తలేదు. కత్తెర ఆడుతూనే ఉంది.

నా అరుపులకు పక్కింటి రేణుక లోపలికి వచ్చింది. ఆమెదీ బీడీల పనే, అక్కకు తోడు. డబ్బాలో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. గుమ్మం దాటి, చాప దగ్గరకు వచ్చి, అటూ ఇటూ చూసింది.

"రేణుకా, అక్కకు ఫోన్ ఇయ్యరాదు. చెవులు వినిపిస్తలేవా ఏంది ఆమెకు?"

రేణుక కెమెరా వైపు చూసింది. "ఏ అక్క? ఇక్కడ ఎవరున్నరు చెల్లె? చాప ఖాళీగున్నది కదా."

ఆమె కాళ్ల పక్కనే, జానెడు దూరంలో, మా అక్క కూర్చుని ఆకు కోస్తోంది.

అత్త ఎప్పుడు వచ్చిందో నా వెనక నిలబడి ఉంది. నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్లు దిగాయి. ఇద్దరం చూస్తున్నాం. రేణుక "ఆగు, ఎనక చూస్తా" అని లోపలికి పోయింది. ఒక్క నిమిషం కూడా కాలేదు.

"నర్సక్కా! అయ్యో దేవా! ఎవరన్న రాండ్రి! లగేచ్ రాండ్రి, జల్ది!"

నేను ఇక్కడ కుర్చీలో. అరుపు అక్కడ. మధ్యలో ఊరంత దూరం. లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను, మౌస్ పట్టుకున్నాను. దేనికి పట్టుకున్నానో నాకే తెలియదు. తెర మీద జనం పరుగెత్తుతున్నారు. వాళ్ల కాళ్ల మధ్య చాప కనిపించింది. ఖాళీగా ఉంది. చాట పక్కకు వాలి ఉంది. అక్క ఆ చాప మీది నుంచి ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. అత్త కూడా చూడలేదంది.

మా ఆయన బండి మీద నేను ఆస్పత్రికి చేరేసరికి అక్కను లోపలికి తీసుకెళ్లారు. కుడివైపు పూర్తిగా పడిపోయింది. మాట పోయింది. పడిపోయి చాలాసేపైందనీ, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే చేయగలిగింది ఉండేదనీ డాక్టరు మెల్లగా చెప్పాడు. ఆయన మెల్లగా చెప్పడమే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. వెనక బట్టలుతికే చోట కొళాయి తిప్పి ఉందట. తొమ్మిదిన్నర నుంచే కాలువలోకి నీళ్లు పోతుంటే, అక్క బట్టలు ఉతుకుతోందనుకున్నానని రేణుక తల కొట్టుకుని ఏడ్చింది. ఆమెను ఏమని అనను? నేనూ అదే చేశాను కదా.

మూడు రోజుల తర్వాత సునీత, కెమెరాలో వీడియో రికార్డయ్యే కార్డు తీసుకొచ్చింది. నా మానిటర్ మీదే చూశాం. సునీత, మా ఆయన, అత్త, నేను.

తొమ్మిది ఇరవై దాటాక అక్క కత్తెర కింద పెట్టింది. కుడి చేతితోనే పెట్టింది. ఆ చేతిని ముఖం ముందుకు తెచ్చుకుని వేళ్లు మూసి తెరిచింది. మళ్లీ మూయబోయింది, మూతపడలేదు. ఎడమ చేత్తో గోడ పట్టుకుని లేచి, మెల్లగా వెనక్కి పోయింది. ఆ తర్వాత చాప. వట్టి చాప. మూడు గంటలకు పైగా వట్టి చాపే. ఎండ గుమ్మంలోంచి జరుగుతూ పోవడం తప్ప ఏ కదలికా లేదు. చివరికి ఫోన్ వెలిగింది. ఆ వెంటనే నా గొంతు. వట్టి చాప మీద అరుస్తున్న నా గొంతు.

సునీత ఏడుస్తూ, "చిన్నమ్మా, నువ్వు రోజూ చూస్తుంటివి కదా?" అంది.

చూస్తున్నాను బిడ్డా. చూస్తూనే ఉన్నాను.

మానిటర్ అమ్మిన షాపతను వచ్చి పరీక్షించాడు. పాత వీడియో ఏదో మూలన ఆగిపోయి ఉంటుందన్నాడు. మా ఆయన అదే పట్టుకున్నాడు. ఆయన తప్పు లేదు, మనిషికి ఏదో ఒకటి కావాలి కదా. కాని కార్డులో ఉన్న రోజులన్నీ నేను కూర్చుని చూశాను. ఒక్కదాంట్లోనూ అక్క ఎడమ చేత్తో కత్తెర పట్టలేదు. పాత వీడియో పక్కకు ఆ రోజు రేణుక ఎలా వచ్చి నిలబడుతుంది? పోనీ, నాకు పని అలసటలో అలా కనిపించిందంటే, అత్తకు కూడా ఎందుకు కనిపించింది? అత్తను అడిగితే, "నేను చూసిన. నన్ను ఇంక అడగకు" అంటుంది. నాతో ఇన్నేళ్లు వాదించిన మనిషి, గెలిచే వాదన దొరికాక నోరు విప్పడం లేదు.

నన్ను తినేస్తున్నది ఇంకొకటి ఉంది. బొమ్మ నిజంగా తిరగబడితే అక్షరాలు కూడా తిరగబడాలి. ఆ పొద్దున క్యాలెండర్‌లో నెల పేరు చదివాను. తేదీ చదివాను. అన్నీ తిన్నగానే ఉన్నాయి, ఏ ఇబ్బందీ లేకుండా చదివాను. పక్కవాళ్ల డిజైనులో ఒక్క అక్షరం తిరగబడితే గుమ్మంలోంచే పట్టేసేదాన్ని. అరగంట తర్వాత అత్తతో ఎంత ధీమాగా మిర్రర్ అని చెప్పాను! ఆ క్షణంలో క్యాలెండర్ వైపు మళ్లీ ఒక్క చూపు చూసి ఉంటే సరిపోయేది.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. నా కుర్చీ వెనకే ఆమె చాప. ఆ మానిటర్ తీసేసి మామూలుది పెట్టించాను. పేటలో కొనాలనుకునేవాళ్లు ఎవరైనా అడుగుతారు, ఒక్కటి కొంటే రెండు పనులు అవుతాయట కదా అని. వద్దంటాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నోరు రాదు. యంత్రం మంచిదే. చూస్తున్నాను కదా అనే ధైర్యమే నన్ను ముంచింది.

మొన్నొక పొద్దున ఆమెకు జావ తాగిస్తూ అడిగేశాను. ఇన్నాళ్లూ అడగలేకపోయాను.

"అక్కా, ఆ రోజు నాకు కనిపించినవ్ కదా. నన్ను పిలిచినవా? లేకుంటే నేను పరేషాన్ కావద్దని గట్ల కూసున్నవా?"

పిలిచి ఉంటే, నాకు అర్థం కాలేదు. నాకు తెలియకూడదని కూర్చుని ఉంటే, అది అచ్చం మా అక్క చేసే పనే. ఈ రెండింట్లో ఏది నిజమైతే నాకు కాస్త నిద్ర పడుతుందో కూడా నాకు తెలియదు.

అక్క నా ముఖంలోకి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తర్వాత ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, కోడిని అదిలించినట్టు నా వైపు ఊపింది.

పో, పని చూసుకో.

గిన్నె కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఆ పూట పంపాల్సిన డిజైను ఉంది. తెర మూలన ఇప్పుడు ఏమీ లేదు. అయినా చెయ్యి మౌస్ మీద పెట్టే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, ఆమె ఊపిరి తీస్తోందా లేదా అని చూశాను.