మోంతెలూనో నోటుబుక్కు

సింగపూర్ హౌగాంగ్‌లో మా పై అంతస్తు భానుమతి, అంతకుముందు తునిలో జూనియర్ కాలేజీ పిల్లలకి చరిత్ర చెప్పేది. భర్త పార్థసారథికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చేసింది. అది రెండువేల సంవత్సరం, వీధికొక డాట్‌కామ్ కంపెనీ. అందులో ఒకటి, విహారయాత్రల వెబ్‌సైటుకి ఊళ్ల చరిత్రలు రాయమని ఈమెనీ తీసుకుంది.

అలా పట్టుకుంది ఈమెని మోంతెలూనో. ఇటలీలో కొండ మీద మూడొందల గడప ఉన్న ఊరు. అక్కడి రిటైరైన ఇంగ్లీషు మాస్టారొకాయన ఈమెయిల్లో పరిచయమయ్యారు. లోయలో మలేరియాకీ దొంగలకీ భయపడి జనం కొండెక్కి గోడ కట్టుకున్నారట. నీళ్లు లేక ప్రతి ఇంటి కిందా వాననీటి తొట్టి తవ్వుకున్నారట. పై వీధికీ కింది వీధికీ తరతరాలుగా పడదు. రెండు చర్చిల గంటలూ ఐదు నిమిషాల తేడాతో మోగుతాయి, ఎవరి టైము వాళ్లదే. అయినా పరాయివాడు దారి అడిగితే నోటితో చెప్పి పంపరు, వెంట నడిచి దిగబెడతారు.

"అచ్చం మా తునోళ్లే వదినా!" అని మురిసిపోయేది. లిఫ్టులో కనబడితే చాలు, మోంతెలూనో మొదలు. కూరల సంచీతో కాళ్లు పీకేదాకా వినేదాన్ని.

మాస్టారు ఆ చరిత్రంతా ఇంగ్లీషులోనే ఒక నోటుబుక్కులో భద్రపరిచారు. జెరాక్సు పంపితే ఒక్క అక్షరమూ ఆననంత మసకగా వచ్చింది. అసలుదే పంపండి, స్కాన్ చేసి వారంలో తిప్పి పంపుతానని ఈమె రాసింది. ఆయన నమ్మి పంపారు. వారం కాస్తా మూడు వారాలైంది. చదివిన పేజీనే మళ్లీ చదువుకుంటూ, స్కాన్ చెయ్యకుండా తాత్సారం చేసింది. తప్పు ఆమెదే, ఆ మాట మొహం మీదే అన్నాను.

ఒక సోమవారం ఆఫీసు తలుపుకి గొలుసు, అద్దం మీద కోర్టు నోటీసు. కంపెనీ మునిగిపోయింది. అద్దంలోంచి ఆమె బల్ల కనబడుతోంది. నోటుబుక్కు ఆ బల్ల సొరుగులోనే ఉంది.

"ఒక్క నిమిషం అంకుల్, అది కంపెనీది కాదు," అని వాచ్‌మన్‌ని బతిమాలింది.

"కెనాట్ లా, కుదరదు మేడమ్. కీ నా దగ్గర లేదు."

ఆస్తులు స్వాధీనం చేసుకున్నవాళ్ల ఆఫీసుకి నేనూ వెళ్లాను. పుస్తకం మీదేనని రుజువేదన్నాడు అక్కడి గుమాస్తా. "ఆ పాత పుస్తకం మీరేం చేసుకుంటారయ్యా?" అని అరిచాను. నా అరుపుకి అక్కడ ఎవరూ తలెత్తలేదు. పన్నెండో రోజున వెళ్లేసరికి బల్లలన్నీ లారీ ఎక్కేశాయి. కాగితాలు చెత్తకి పోయాయన్నారు.

"సారీ చెప్పెయ్ భానూ, ఇంకేం చెయ్యగలం?" అన్నాడు పార్థసారథి. ఆమె ఊరుకోలేదు. గుర్తున్నదంతా నెల రోజులు కూర్చుని టైపు చేసి, క్షమాపణతో అరవై పేజీలు పోస్టు చేసింది.

జవాబొచ్చిన రోజున కిందికి దిగి వచ్చి ఉత్తరం నా చేతిలో పెట్టింది.

"మీరు ఏదీ మరిచిపోలేదు. మా ఊరి చరిత్ర నాకూ కంఠతా వచ్చు. ఆ నోటుబుక్కు నేను చెబుతుంటే నా భార్య రాసింది. ఆమె పోయి రెండేళ్లు. ఆమె చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఎక్కడైనా ఒక్క పేజీ దొరికితే, దయచేసి పంపండి."

"మూడు వారాలు చూశాను వదినా ఆ చేతిరాత," అంది భానుమతి. "ఎవరిదని ఒక్కసారైనా అడగలేదు."