దయచేసి వేటాడకండి

ఊళ్లో అందరూ ఆయన్ని పోనీలే మామయ్య అంటారు. ఎవరి గేదె ఆయన చేలో పడ్డా, ఎవరు గట్టు జరిపినా ఆయన నోటి నుంచి వచ్చేది ఆ ఒక్క మాటే. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. ఈయనకైతే పదేళ్లుగా అవుతూనే ఉంది.

ఆయనకున్నది అడవి అంచున నాలుగెకరాలు. చేను చివర కొంత గడ్డి కోయకుండా నడుమెత్తున పెరగనిస్తాడు. అందులో కౌజు పిట్టలు గుడ్లు పెడతాయి, పైరు మీది పురుగుల్ని ఏరుకు తింటాయి. పురుగుమందు కొట్టకుండా పంట తీసే రైతు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఆ పిట్టల కోసమే ఆదివారం వచ్చేసరికి తుపాకులు దిగుతాయి.

బయటివాళ్లయితే ఏదో ఒకటి అనేవాడే. ముందు నడిచేది పశువుల డాక్టరు. గేదెకు దూడ అడ్డం తిరిగినప్పుడు జోరువానలో వచ్చి కాపాడిన మనిషి. వెనకాల కరెంటు లైన్‌మన్. ఈ ఇద్దరితో వైరం పెట్టుకుని వ్యవసాయం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకని మామయ్య ఒక రేకు మీద 'దయచేసి వేటాడకండి' అని రాసి కంచెకు మేకులతో కొట్టాడు. వాళ్లు దాన్ని చదివి, చేతిరాత బాగుందని మెచ్చుకుని, ఆ మేకులకే సంచులు తగిలించి లోపలికి వెళ్లారు.

అత్తయ్యకు చెవులు వినపడవు. కలుపు తీయడానికి వంగితే పైరులో ఆమె తల కూడా కనపడదు. ఆదివారాలు రావద్దని ఆయన సైగ చేస్తే, "నా చేలోకి నేను రాకపోవడమేంటి?" అని ఆయనకంటే ముందే బయల్దేరుతుంది. తుపాకి పేలినా ఆమె పక్కకు తప్పుకోదు. ఆయన భయమంతా అదే. వారమంతా దున్నినా రాని అలసట, ఆ ఒక్క పూట గట్టు మీద నిలబడి ఆమెను కాపలా కాస్తే వచ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె నీళ్ల డబ్బా పట్టుకుని వచ్చింది.

"కారిపోతోంది చూడు. మొన్నే కదా కొన్నాం. కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడు."

మామయ్య డబ్బా తిప్పి చూశాడు. పక్కపక్కనే మూడు సన్నని చిల్లులు, తుపాకి గుళ్లవి. ఎక్కడ పెట్టావని చేత్తో అడిగాడు. ఆమె తన మోకాలి పక్కన చూపించింది. నిజం చెబితే ఆమె ఇక నిద్రపోదని, కొట్టువాణ్ని తానూ చేతులూపుతూ నాలుగు తిట్టాడు.

మర్నాడు కొడవలి తీసుకుని గడ్డి కోయడం మొదలుపెట్టాడు. రెండు రోజులు పట్టింది. పిట్టలు గుంపుగా లేచి అడవిలోకి పోయాయి. గుడ్లున్న చోట చెయ్యి ఆగింది. కాసేపు కూర్చుని అదీ కోసేశాడు.

మళ్లీ ఆదివారం డాక్టరు వచ్చి, బోడిగా ఉన్న చేను చివర చూసి నిలబడిపోయాడు.

"మేం రావడం ఇష్టం లేదని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదా మామయ్యా. మానేసేవాళ్లం. మేమేమైనా పరాయివాళ్లమా?"

డాక్టరు నిజంగానే నొచ్చుకున్నాడు. మామయ్యకు పదేళ్ల మాటలూ గొంతు దాకా వచ్చాయి. నోరు తెరిచాడు.

"టీ తాగి వెళ్లండి డాక్టరుగారూ."

తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది. అత్తయ్య అప్పటికే గ్లాసులు తెచ్చింది. "ఎండన పడి వచ్చారు, పాపం" అంటూ మొదటి గ్లాసు డాక్టరు చేతికి ఇచ్చింది.