చేరగానే చెప్పవే, పెత్రా!

మా ఒబ్దూలియాకి ఒకటే జబ్బు. ఎవరు ఎక్కడికి బయల్దేరినా "చేరగానే చెప్పు" అనకుండా వదలదు. నిజమే, మా ద్వీపంలో ఈ మాట అనని తల్లి లేదు, పెద్దల దీవెన అడక్కుండా గడప దాటే పిల్లా లేదు. కానీ వీధికి అటుపక్కనున్న రొట్టెల కొట్టుకి వెళ్లేవాణ్ణి కూడా ఆపి చెప్పేది మాత్రం మా ఊరు పుంతా మోరా మొత్తానికి ఈవిడొక్కతే. వాడు కొట్టు మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపి, "చేరానక్కా! రొట్టె వేడిగా ఉందక్కా!" అని అరిస్తేగానీ కిటికీ వెయ్యదు.

ఫెర్మీన్ పోయినప్పుడు పెట్టెని గోతిలోకి దించుతున్నారు. అందరం ముక్కులు తుడుచుకుంటున్నాం. ఈవిడ వంగి, అలవాటు కొద్దీ, "ఫెర్మీన్, చేరగానే చెప్పు నాయనా" అనేసింది. ఫాదర్ గారు ప్రార్థన పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఫెర్మీన్ భార్య క్రుసీతా ఏడుస్తున్నదల్లా తలెత్తి, "నువ్వూరుకో! నలభై ఏళ్ల కాపురంలో ఎక్కడున్నాడో ఒక్కసారీ చెప్పలేదు మనిషి. ఇప్పుడు మొదలెడితే నా గుండె ఆగిపోతుంది" అంది. మేం అంతగా నవ్విన చావు మళ్లీ చూడలేదు.

ఇలాంటి మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం చూడండి. మా ఊరి సముద్ర పరిశోధన కేంద్రంలో గ్లైడర్లని కనిపెట్టుకుని ఉండటం! గ్లైడర్ అంటే పసుపు రంగు వేసిన గొట్టం, మనిషంత పొడవు, రెండు రెక్కలు. లోపల నూనె సంచీ ఒకటుంటుంది. అది ఉబ్బితే తేలుతుంది, అణిగితే మునుగుతుంది, రెండిటికీ నడుమ రెక్కల మీద ముందుకి జారుతుంది. మా అమ్మమ్మ చర్చికి నడిచేంత వేగం. అలాగే కిలోమీటరు లోతుకి దిగుతూ లేస్తూ, నీళ్ల వేడీ ఉప్పూ కొలుచుకుంటూ నెలల తరబడి సముద్రాలు తిరిగొస్తుంది. ఆరుగంటలకోసారి పైకొచ్చి, తోకలో ఉన్న ఏంటెన్నాని గాల్లోకెత్తి ఉపగ్రహానికి ఫోను చేస్తుంది. నేనిక్కడున్నాను అని.

"చూశావా టీచరమ్మా," అనేది నాతో. "నువ్వు ముప్పై ఏళ్లు చదువు చెప్పినవాళ్లలో ఒక్కడికైనా ఉందా ఈ బుద్ధి?"

నేను రిటైరైన టీచర్ని, ఒంటరిదాన్ని. ఆవిడింట్లోనూ ఆవిడొక్కతే. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య రెండే ఇళ్లు. సాయంత్రం వాళ్ల వరండాలో డామినోలు ఆడి ఇంటికొచ్చాక ఫోను చెయ్యాలి. చెయ్యకపోతే ఆవిడే చేస్తుంది.

"ఇంకా చేరలేదా?"

"చేరాను తల్లీ! గ్లైడర్ని మాట్లాడుతున్నా. తోకెత్తాను. లోతు సున్నా. మోకాళ్ల నొప్పి ఎప్పట్లాగే."

"బ్యాటరీ?"

"పడుకుంటే ఎక్కుతుంది."

గ్లైడర్లన్నిటిలోకీ ఆవిడకి ముద్దుల బిడ్డ పెత్రా. దాన్ని కొలంబియా తీరం దాకా పంపే రోజున పడవలోంచి దింపేముందు ముక్కు మీద చెయ్యేసి దీవించింది. "చేరగానే చెప్పవే, పెత్రా!" కేంద్రానికి పెద్ద అయిన డాక్టర్ ఒసోరియో గడియారం చూసుకుంటూ, "అమ్మా, అది యంత్రం" అన్నాడు.

"యంత్రాన్ని దీవించకూడదని మీ పుస్తకాల్లో ఎక్కడైనా రాసుందా బాబూ?"

పాపం, ఎక్కడా రాసి లేదు.

ఏడు నెలలు బుద్ధిగా ఫోన్లు చేసింది పెత్రా. తిరుగు దారిలో, ఇంకో వారంలో ఇంటికి చేరుతుందనగా, మూగబోయింది. ఒక రోజు, రెండు, ఆరు. పైగా తూర్పున తుఫాను పుట్టిందన్నారు. కొలిచిన లెక్కల్లో సగం ఇంకా దాని పొట్టలోనే ఉన్నాయి. మిగతా గ్లైడర్లు పాతబడి మూలపడ్డాయి; పెత్రా పోతే ఇంకోటి కొనడానికి డబ్బు రాదు, ఒబ్దూలియా ఉద్యోగమూ ఉండదు. ఒసోరియో "పోయింది" అని పైవాళ్లకి ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాడు. ఈవిడ తెర ముందు నుంచి లేవలేదు. అన్నం కూడా అక్కడికే నేను మోశాను.

ఏడో రోజు పొద్దున్నే మా ఇంటి తలుపు దబదబా బాదింది.

"టీచరమ్మా! ముక్కుతూ మూలుగుతూ ఒక్క ముక్క చెప్పింది! దక్షిణాన నలభై మైళ్లు!"

రేవులో విడాల్ చేపల పడవ సిద్ధంగా ఉంది. తుఫానుకి ఇంకా రెండు రోజుల టైముంది. ఒబ్దూలియా నా చేతిలో ఓ నలిగిన నోటుబుక్కు కుక్కింది. "నేనొచ్చేదాకా వీళ్ల హాజరు నువ్వు చూడు. మధ్యాహ్నానికి కబురు లేకపోతే వెళ్లి తలుపు కొట్టు."

"ఊళ్లో తొమ్మిది వందల మంది ఉన్నారే! నా మోకాళ్లు..."

"తెరిచి చూడవమ్మా! హాజరెయ్యడం నీకు నేను నేర్పాలా?"

విడాల్ టోపీ తీసి, "దీవించక్కా" అన్నాడు.

"దేవుడు చల్లగా చూడాలి నాయనా. చేరగానే..."

"నువ్వూ నాతోనే వస్తున్నావక్కా!"

పడవ వెళ్లాక నోటుబుక్కు తెరిచాను. తొమ్మిది వందలు లేవు. మొదటి పేరు పెత్రా. దాని కింద ఏడే పేర్లు. క్రుసీతా, చూపు ఆనని అన్సెల్మో, కుట్టుమిషను లూపే... చివరిది నాది. నాలుగేళ్లుగా రోజుకో టిక్కు. నా వరసలో ఒక్క రోజు మాత్రం ఎర్ర సున్నా. తారీకు చూశాను. నేను స్నానాలగదిలో జారిపడి లేవలేకపోయిన రోజు! ఆవేళ ఒబ్దూలియా కాఫీ పొడి అడగడానికొచ్చి నన్ను చూసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆలోచిస్తే, కాఫీ పొడి తీసుకెళ్లనే లేదు.

రొట్టెల కొట్టుకి పరిగెత్తేవాడి పేరు అందులో లేదు. వాడికి పెళ్లాం, ముగ్గురు పిల్లలు, అత్తగారు.

మధ్యాహ్నం క్రుసీతా తలుపు కొట్టాను. "బానే ఉన్నాను, టిక్కు పెట్టుకో" అంది. నా మొహం చూసి పకపకా నవ్వింది. "ఇంట్లో ఎవరూ లేనివాళ్లని మాత్రమే అడిగితే మనకి చిన్నతనంగా ఉండదూ? అందుకే ఊరందర్నీ అడుగుతుంది. నీకిప్పుడా తెలిసింది? నువ్వు టీచరువేనా?"

ఇంకా పొద్దుండగానే పడవ వచ్చింది. పెత్రా తోక నిండా గుల్లలు, గడ్డం పెరిగిన సన్యాసిలా ఉంది. "ఈ బరువుతో తోకెలా ఎత్తుతుంది టీచరమ్మా?" అన్నాడు విడాల్, తనే కన్నంత గర్వంగా. ఒసోరియో పరిగెత్తుకొచ్చాడు. జేబులోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేశాడు. అటూ ఇటూ చూసి పెత్రా ముక్కు మీద మెల్లిగా చెయ్యేశాడు.

"అది యంత్రం డాక్టర్ గారూ" అన్నాను.

"మీరు హాజరు చూసుకోండి" అన్నాడు, నా చేతిలో నోటుబుక్కు చూసి.

ఒబ్దూలియా తడిసి ముద్దై, చెప్పులు చేత్తో పట్టుకుని నాతో నడిచింది. మా గుమ్మం దగ్గర నోటుబుక్కు కోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు. ఎనిమిదో పేరు అప్పటికే రాసేశాను.

"ఒబ్దూలియా, చేరగానే చెప్పు."

వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది. "ఎవరికి చెబుతున్నావ్, నాకా? మూడో గుమ్మమేగా!"

"చెప్పు మరి."

గొణుక్కుంటూ వెళ్లింది. నేను ఫోను పక్కన కూర్చున్నాను. రెండు నిమిషాలు. ఐదు. లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాను. అప్పుడు మోగింది.

"టీచరమ్మా," అంది. "తోకెత్తాను."

"బ్యాటరీ?"

"పడుకుంటే ఎక్కుతుంది."

టిక్కు పెట్టాను.