జాబితాలో లేని పిల్ల

నా చిన్నప్పుడు ఒక ఏడు గోదావరి పొంగి భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లను ముంచేసింది. మా తాతయ్య అడవి అంచున ఒక గూడెంలో బడి పంతులు. నీళ్లు తీశాక ఇళ్లు పోయినవాళ్లంతా ఆ బడిలోనే తలదాచుకున్నారు. వాళ్లలో ఒక కోయ తల్లి ఉండేది. ఆమె కూతురు వరదలో కొట్టుకుపోయింది. శవం దొరకలేదు కనుక, ప్రభుత్వానికి పంపిన మృతుల జాబితాలో ఆ పిల్ల లేదు. ఆ పిల్లను జాబితాలో చేర్చమని అర్జీ పంపాలని తాతయ్య అనుకున్నాడు. ఆయనకు అప్పటికే చూపు మందగించింది. పదకొండేళ్ల నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అప్పగించాడు.

ఆ తల్లి నాలుగు మాటలే చెప్పింది. మిగతాది నేనే అల్లాను. గోదావరి తల్లి ఆ పసిపాపను తన ఒడిలోకి తీసుకుందని రాశాను. రాస్తూ ఏడ్చాను, అంత బాగా రాసినందుకు లోలోపల మురిసిపోయాను కూడా. చదివి వినిపిస్తే తాతయ్య మెచ్చుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి తీసుకెళ్లాడు. బడి వెనక బురద పట్టిన జొన్నలు కడుగుతోంది ఆమె.

"ఈమెకు సదివి ఇనిపియ్యి బిడ్డా," అన్నాడు.

చదివాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"గట్ల కాదు బిడ్డా. గోదారి గుంజుకపోలే. ఒక చేతిల చిన్నోడు, ఒక చేతిల అది. ఇద్దర్ని పట్టుకుంటే ముగ్గురం పోతుంటిమి. నేనే ఇడిచిన. నేనే ఇడిచిన అని రాయి."

తాతయ్య వంక చూశాను.

"ఆమె చెప్పినట్టే రాయి," అన్నాడు.

అక్కడే కింద కూర్చుని మళ్లీ రాశాను. పిల్ల పేరేమిటో అంతవరకూ నేను అడగనేలేదు. చెప్పింది, రాశాను. ఆ అర్జీకి జవాబు రాలేదు. ఆ తల్లి రెండుసార్లు వచ్చి అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

పెద్దయ్యాక నేను చరిత్రకారిణినయ్యాను. పత్రికలకు వ్యాసాలు రాయడం మొదలుపెట్టాను. ఎవరి బతుకు గురించి రాస్తే వాళ్లకు ముందుగా చదివి వినిపించడం నాకు నియమం. ఈ మధ్య ఒక్కసారి తప్పాను. సత్తుపల్లి దగ్గర బొగ్గు గని కింద పోయిన ఊరి గురించి ఒక ముసలాయన చెప్పాడు. పత్రిక వాళ్లు తొందరపెడితే ఆయనకు వినిపించకుండానే పంపేశాను. అచ్చయ్యాక పత్రిక తీసుకుని వెళ్లాను.

"మామ పోయి వారమైందమ్మా," అంది ఆయన కోడలు.

ఆమె అడిగితే వాకిట్లో కూర్చుని మొత్తం చదివాను. కళ్లు తుడుచుకుంది.

"మంచిగనే రాసిండ్రు," అంది.

ఆ మాటతో నాకు ఊరట కలగలేదు. మా తాతయ్య నేర్పింది నాలో భయంగా మిగిలింది. ఆ వ్యాసంలో నేనెక్కడ అబద్ధం రాశానో చెప్పగలిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేడు.