కడగకూడని రాళ్ళు

శాలేము రాజు ఇంట్లో ఏ వస్తువూ మురికిగా ఉండడానికి వీల్లేదు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో కత్తెరలూ పటకార్లూ మరగబెట్టడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఆసుపత్రి ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆసుపత్రిని వదల్లేదు. టమోటాలను ఉప్పునీళ్ళలో నానబెట్టనిదే కత్తిపీట దగ్గరికి రానివ్వడు. ఇంటికొచ్చినవాళ్ళు గ్లాసు అందుకోబోతే, "ఉండప్పా, వేణ్ణీళ్ళలో ముంచి ఇస్తా" అంటాడు. "నన్ను గూడా మరగబెట్టేట్టుండాడే మీ ఆయన" అని చుట్టాలు ఎగతాళి చేస్తే భార్య లిల్లీ పడీపడీ నవ్వేది.

ఆ నవ్వు పోయింది. పక్షవాతమొచ్చి లిల్లీకి కుడిపక్క పడిపోయింది. మాటలు రావడమే కష్టం, వచ్చినా ముద్దముద్దగా ఒకటీ అరా. పిల్లలు లేరు. మంచం, కిటికీ, మొగుడు, అంతే ఆమె లోకం. ఒకరోజు టీవీలో నారింజరంగు చేప కనిపిస్తే ఎడమచేయి లేపి, "కుప్పం... రైలు..." అంది. ఆయనకు వెంటనే అర్థమైంది. పుంగనూరులో పుట్టిన లిల్లీ కుప్పంలో టీచరుగా ఉన్నప్పుడు, పిల్లల్ని రైలెక్కించి మద్రాసు చూపించుకొచ్చింది. అక్కడ గాజుతొట్టిలో చూసిన చేపల సంగతి ఎన్నేళ్ళు చెప్పిందో! ఇన్నాళ్ళకు ఆమెకు ఏదో ఒకటి కావాలనిపించింది, ఆయనకు అదే పండగ. పరుగున చేపల తొట్లు అమ్మే హఫీజ్ అంగడికి పోయాడు.

"ఉప్పునీళ్ళ చేపలంటే ఉత్త నీళ్ళు పోస్తే సాలదన్నా. లైవ్ రాక్, అంటే బతికుండే రాయి కావాల" అన్నాడు హఫీజ్. "చెన్నైలో తొట్లలో పెంచుతారు. సూసేదానికి రాయే, లోపలంతా కంటికి కనపడని పురుగులుంటాయి. చేపల గలీజంతా అవే తినేస్తాయి. నీ తొట్టికి ఇరవై కిలోలన్నా పడాల."

పురుగులన్న మాటకే రాజుకు ఒళ్ళు జలదరించింది. లిల్లీ కోసం ఓర్చుకున్నాడు.

తొట్టిని మంచానికి ఎదురుగా పెట్టారు. హఫీజ్ రాళ్ళు పేరుస్తుంటే, సగం కూడా కాకముందే లిల్లీ చేయి ఊపింది. "రాళ్ళు... సాలు. చేపలు... కనపడాల."

"తక్కువైతే నీళ్ళు సెడిపోతాయమ్మా."

"ఆమె సూసేదానికే కదప్పా ఇదంతా. ఆపు" అన్నాడు రాజు. హఫీజ్ మిగిలిన రాళ్ళు వెనక్కి తీసుకుపోయాడు.

నీళ్ళు కుదురుకున్నాక రెండు చేపలొచ్చాయి. పొద్దస్తమానం లిల్లీకి వాటిమీదే కళ్ళు. బుల్లి చేప పెద్దదాన్ని తొట్టంతా తరిమితే ఒకరోజు పక్కున నవ్వింది. వంకర నవ్వే, అయినా నవ్వు. రాజు వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

కొన్నాళ్ళకు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే హఫీజ్‌కు ఫోన్ చేశాడు.

"రాయి సాల్లేదన్నా, నేను సెప్తానే ఉంటి కదా! మిగతావి పంపిస్తాండా. క్లీన్ చేసి పెట్టు."

హఫీజ్ లెక్కలో క్లీన్ అంటే ఉప్పునీళ్ళలో ముంచి, మట్టి దులపడం. థియేటర్లో బతికిన మనిషికి ఆ మాటకు ఒకటే అర్థం. తడి పేపర్లలో చుట్టిన రాళ్ళు విప్పగానే గుప్పున నీచువాసన కొట్టింది. ఒకదాన్లోంచి ఎర్రటి పురుగు జారింది. ఇది తన లిల్లీ చేపల పక్కనా? పెద్ద గంగాళంలో రాళ్ళన్నీ మరగబెట్టాడు. బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి, కొళాయి కింద తోమి తోమి కడిగాడు. తొట్టిలోని పాత రాళ్ళకు పాచి పట్టిందని వాటిని కూడా తీసి అదే పని చేశాడు. అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

"సూడు లిల్లీ, ఇప్పుడెట్లుండాయో!" అన్నాడు గర్వంగా.

వారం తిరక్కుండానే రెండు చేపలూ ఇసుకమీద ఒరిగిపోయాయి. రాజు కూరగాయలు తీసుకుని వచ్చేసరికి లిల్లీ మొహం గోడవైపు తిప్పుకుని ఉంది.

హఫీజ్ వచ్చి ఒక రాయి తీసి వాసన చూశాడు. "యాల ఇట్ల కడిగినావన్నా? రాళ్ళు సచ్చిపోయినాయి."

మంచంమీంచి లిల్లీ అంది: "నేను... సెప్పినా. కడగమని."

ఆమె ఆ మాట చెప్పలేదు. హఫీజ్‌కూ అది తెలుసు. ఆమెకు మిగిలిందే నాలుగు మాటలు. వాటిని తన తప్పు కప్పడానికి ఖర్చుపెట్టిందే అని రాజు గుండె తరుక్కుపోయింది. ఆమె తిట్టినా బాగుండేది.

హఫీజ్ తన తొట్టిలోంచి గుప్పెడంత రాయి తెచ్చి తెల్లరాళ్ళ మధ్య పెట్టాడు. "ఇది బతికుండాదన్నా. దీన్లో పురుగులు మిగతావాటికి పాకుతాయి. నెలలు పడతాది, తొందరపడొద్దు."

చేపల్లేని తొట్టిని చూస్తూ లిల్లీ రోజూ అడిగేది. "రాయి... బతికిందా?"

"వస్తాండాది, ప్రాణం వస్తాండాది" అనేవాడు రాజు.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మళ్ళీ పక్షవాతమొచ్చింది. ఈసారి ఆసుపత్రి నుంచి లిల్లీ ఇంటికి రాలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక హఫీజ్ వచ్చి తొట్టిలో నీళ్ళు పరీక్ష చేశాడు. "రాళ్ళు బతికినాయన్నా" అన్నాడు మెల్లగా. "చేపలు తెద్దునా?"

"ఎవురు సూసేదానికప్పా?"

సమాధికి రాయి చెక్కే వెంకటేశులు కుప్పం గ్రానైటు బండిలో తెచ్చాడు. "ఎంత రాయి పెట్టమంటావు సార్? నిండుగా పరిసేద్దునా?"

"తలకాడ ఒకటి సాలు. రాళ్ళెక్కువైతే ఆమె ఒప్పుకోదు."

వెంకటేశులు రాయి నిలబెట్టాడు. దానికంటిన మట్టి పోవడానికి బిందె ఎత్తి నీళ్ళు పోయబోయాడు. రాజు గబుక్కున వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కడగొద్దప్పా" అన్నాడు. "అట్నే ఉండనీ."