గొడుగాయనా, ముందు మేకని విప్పు

మా అత్తయ్యగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. అల్లుడి ఎదురుగా కుర్చీలో కూర్చోకపోవడం, అతనితో ముఖాముఖి మాట్లాడకపోవడం ఆవిడ పెరిగిన ఇంటి పద్ధతి. నా భార్య ఉన్నన్నాళ్ళూ దానివల్ల ఇబ్బంది లేకపోయింది. నేను పక్కనే వింటుండగా ఆవిడ కూతురితో, "వాళ్ళని భోజనానికి లేవమనవే" అనేవారు. "ఎదురుగానే ఉన్నారుగా, నువ్వే చెప్పు" అని నా భార్య నవ్వేది.

నా భార్య పోయాక మా ఇద్దరి మధ్య మాట చేరవేసే మనిషి లేకుండా పోయింది. "కాఫీ చల్లారిపోతోంది" అని అత్తయ్యగారు వంటింటి తలుపుకి చెప్పేవారు. నేనూ తలుపుకే బదులు చెప్పి తాగేవాణ్ణి. రాత్రిపూట ఆవిడకి శ్రమ ఎందుకని కూర నేనే వండేవాణ్ణి.

సంవత్సరీకాలు అయిపోయాయి. మండపేటలో ఉండే మా బావమరిది తల్లిని తీసుకెళ్తానని ఫోన్ చేశాడు. కూతురు లేని ఇంట్లో, అల్లుడి దగ్గర ఉండడం బాగుండదని అతని ఉద్దేశం. "ఈ ఎండలు తగ్గనీరా" అన్నారావిడ. ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. జబ్బు రోజుల్లో నా భార్యని నాతోపాటు చూసుకున్నది ఆవిడ ఒక్కరే. ఆ రోజుల గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అయినా అవి తెలిసిన మనిషి ఇంట్లో తిరుగుతుంటే నాకు నిద్ర పట్టేది. ఉండిపొమ్మని ఎలా అడగాలో తెలియలేదు. అమలాపురంలో ఇన్నేళ్ళుగా క్లాసులో పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఇంట్లో ఒక్క వాక్యం కూర్చుకోలేకపోయాను.

వేసవి సెలవులకి వచ్చిన మా అన్నయ్య కూతురు నా కంప్యూటర్లో ఒక ఆట పెట్టి వెళ్ళింది. "ఎప్పుడూ పుస్తకాలేనా బాబాయ్? చిన్న ఆటే, ఒక్క పూటలో అయిపోతుంది" అంది.

సముద్రంలో ఒక చిన్న దీవి. పొద్దున్నే గొడుగు పట్టుకున్న ఒకాయన పడవ దిగుతాడు. కొద్ది నిమిషాల్లో పెద్ద అల వచ్చి దీవిని ముంచేస్తుంది. మళ్ళీ అదే పొద్దు, అదే పడవ. క్రితంసారి తెలుసుకున్నది తప్ప ఏదీ మిగలదు. ఆ కాస్త సమయంలో దారులు కనిపెట్టి, తాళాలు తీసి, దీవిలో ఉన్నవాళ్ళందరినీ లైట్‌హౌస్ మీదికి చేర్చాలి.

మొదటిరోజు నేను హాల్లో ఆడుతుంటే అత్తయ్యగారు వంటింటి గడప దగ్గర కూర్చుని, చీపురు కట్టడానికి కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తున్నారు. నేను కొన్నిసార్లు మునిగాను. ఉన్నట్టుండి ఆవిడ, "ఓ గొడుగాయనా! నీళ్ళొస్తుంటే మేకని అలా వదిలేసి పోతావేంటయ్యా?" అన్నారు.

నిజమే, రేవు పక్కన గుంజకి మేక కట్టేసి ఉంది. నేను చూడనే లేదు. గొడుగాయన వెనక్కి వెళ్ళి ముడి విప్పాడు. మేక గట్టెక్కింది. అల వచ్చింది. మళ్ళీ పొద్దయింది. మేక మళ్ళీ గుంజ దగ్గరే ఉంది.

"మళ్ళీ విప్పు బాబూ."

"విప్పినా మళ్ళీ కట్టేసే ఉంటుందండి" అన్నాను, తెర వైపే చూస్తూ.

"అయితే మళ్ళీ విప్పాలి. వరదొస్తే మా లంకలో ముందు పశువుల కట్లు విప్పేవారు. పోయినేడు విప్పేం కదా అని ఈ ఏడు ఊరుకునేవారా?"

స్పీకర్ పెట్టిన ఫోన్లో మా అన్నయ్య కూతురు మొత్తుకుంది. "మేకతో పనేం లేదు బాబాయ్. అది అందానికి పెట్టింది. దాని జోలికెళ్తే టైమ్ చాలదు."

"అందానికి కట్టేస్తారా మేకని?" అని అత్తయ్యగారు గొడుగాయన్ని నిలదీశారు.

అలా ఒక్క పూట ఆట మాకు వారాలు పట్టింది. మేక దగ్గర పోయిన సమయాన్ని ఇంకెక్కడో మిగుల్చుకోవాలి. కొండమీద నిద్రపోయే ముసలాయన్ని లేపడానికి నేను ప్రతిసారీ పైదాకా పరిగెత్తేవాణ్ణి. "ఆ బిందె ఆవిడ ఎలాగూ అటే వెళ్తోంది కదా, ఆవిణ్ణి లేపమను" అన్నారు అత్తయ్యగారు. అడిగితే బిందె ఆవిడ లేపింది.

ఆటతో సంబంధంలేని మాటలు కూడా గొడుగాయనకే చేరేవి. "గొడుగాయనా, పప్పుచారు చల్లారిపోతోంది. ఆ ఊరు ఎలాగూ మునిగేదే, లేవయ్యా" అనేవారు. "రాత్రి దగ్గేవు, మిరియాల పాలు పెట్టనా?" అని అడిగేవారు. దారి తప్పితే, "కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా?" అని కసిరేవారు. నన్ను ఏకవచనంలో పిలవడం ఆవిడ ఊహకి కూడా అందని సంగతి. నాకు రావలసిన తిట్లన్నీ గొడుగాయన తిన్నాడు. నాకు అవి బాగుండేవి.

ఎండలు తగ్గాయి. ఆదివారం కారు తెస్తున్నానని బావమరిది చెప్పాడు. అంతకు ముందు శుక్రవారం మధ్యాహ్నం బిందె ఆవిడ, ముసలాయన, మిగతావాళ్ళు, వాళ్ళ వెనకే మేక, అందరూ లైట్‌హౌస్ మెట్లెక్కారు. అల కిందనుంచి వెళ్ళిపోయింది.

"ఎక్కేసేరు! మేక కూడా ఎక్కేసిందండి!" అంటూ అత్తయ్యగారు ఈనెలు జారవిడిచి లేచి నిలబడ్డారు.

తెర నల్లబడి, ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు పైకి కదిలాయి. గొడుగాయన లేడు. ఇక నేనే అడగాలి.

"అత్తయ్యగారూ, మీరు మండపేట వెళ్ళకండి. ఇక్కడే ఉండిపోండి."

ఆవిడ తెర వైపు చూశారు. పేర్లు కూడా అయిపోయాయి. నా వైపు తిరిగారు.

"నేనుంటే రాత్రిపూట మీరు వంటింట్లోకి రాకూడదండి. ఏడాదిగా మీ కూరలు తింటున్నాను. ఇంక నా వల్ల కాదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి కొడుక్కి ఫోన్ చేశారు. గొంతు హాల్లోకి బాగానే వినబడింది.

"ఆదివారం రావద్దురా... అనుకునేవాళ్ళని అనుకోనీ... నేనుంటానని అనలేదురా. అల్లుడుగారే అడిగేరు."